నాయినమ్మ రాగంలో మాట

డానియేలు తల్లి మాణిక్యమ్మ అన్నం ముట్టక మూడు రోజులైంది. డానియేలు పంతం వదిలి, కూతుర్ని తీసుకురావడానికి హాస్టల్‌కి బయల్దేరాడు. పోయిన వారం కథ అక్కడ ఆగింది. ఈస్టర్ వెళ్ళిన వారంలో వచ్చిన పక్షవాతం మాణిక్యమ్మ కుడివైపునీ, మాటనీ తీసుకుపోయింది. సెలవుల్లో రోజూ గంటలకొద్దీ ఆ ముసలమ్మ మంచం పక్కన కూర్చున్నది మనవరాలు రూప ఒక్కతే. ఏడో తరగతిలో మార్కులు రాలేదన్న కోపంతో డానియేలు ఆ పిల్లని జూన్‌లో నగరం చివరి హాస్టల్లో వేశాడు. "రూపకి ఒక తెలివి ఉందన్నా, దాన్ని మనం కనిపెట్టాలె" అని సండేస్కూల్ టీచర్ మహేశ్వరి చెప్పబోతే, చర్చి వాకిట్లో నలుగురి ముందూ నవ్వేశాడు కూడా.

శనివారం పొద్దెక్కాక తండ్రీ కూతుళ్ళు దబీర్‌పురా స్టేషన్‌లో రైలు దిగారు.

రెండు నెలల్లోనే రూప సన్నబడింది. బ్యాగు నేను పట్టుకుంటానని డానియేలు చెయ్యి చాచాడు. "ఒద్దు, బరువు లేదు" అంది. రైల్లో హాస్టల్ గురించి ఎన్ని అడిగినా "బాగనే ఉంది" అన్న ఒక్క మాటే జవాబు. స్టేషన్ మెట్లు దిగేటప్పుడు మాత్రం తనే అడిగింది.

"నన్ను మళ్ళ పంపిస్తవా డాడీ?"

"ముందుగాల ఇంటికైతే రా."

రూప తలూపింది. పంపిస్తాననే అర్థం చేసుకున్నట్టు ఆ ముఖం చూస్తే తెలిసిపోయింది. 

గల్లీ మొదట్లో అజ్మతున్నీసా తన గుమ్మంలో కూర్చుని కొత్తిమీర ఏరుతోంది. మాణిక్యమ్మకి నలభై ఏళ్ళ నుంచి స్నేహితురాలు ఆమె. రూపని చూడగానే లేచి నిలబడింది. "ఆగయీ బేటీ? జల్దీ జా, తేరీ దాదీ ఖానా ఛోడ్ దీ" అని, నాయినమ్మ తిండి మానేసింది తొందరగా పొమ్మంటూ బుగ్గలు పుణికింది. అప్పుడు నవ్వింది రూప, ఆ రోజు మొదటిసారి.

ఇంట్లో మహేశ్వరి ఉంది. డానియేలు భార్య విమలాదేవి ఒక్కతే అత్తగారితో అవస్థ పడుతోందని పొద్దుటే వచ్చిందట. రూప కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. ముందుగదిలో డానియేలు, మహేశ్వరి మిగిలారు. ఆమె లేచి వెళ్ళబోతుంటే అతను ఆపాడు.

"కూసో టీచరమ్మా. ఒక్క మాట అడుగుత. ఎండకాలం మన చర్చిల పిల్లల బడి పెట్టినప్పుడు మా రూపల నువ్వేం చూసినవ్?"

"ఆ దినం నవ్వితిరి గదన్నా."

"నవ్విన. తప్పే. ఇప్పుడు చెప్పు."

మహేశ్వరి మళ్ళీ కూర్చుంది. ఆమె మెత్తని మనిషే కానీ, ఆ రోజు గొంతులో కొంచెం కోపం ఉంది.

"అప్పటిదాంక నేను కూడ వాక్యాలు కంఠత అప్పజెప్పినోళ్ళకే బహుమతులిచ్చిన. ఏడాదికేడాది గవే ముఖాలు స్టేజీ ఎక్కుతుండె. మిగిలినోళ్ళు చప్పట్లు కొట్టనీకే వస్తున్నరా అని ఒక దినం నాకే బాధైంది. అందుకే ఈసారి అట్టపెట్టెలతోటి బైబిల్ల ఉన్న దేవుని గుడారం కట్టిపిచ్చిన. ఎవరికి ఏది చాతనైతే అది చెయ్యమన్న. లెక్కలంటె వణికే ఒక పిలగాడు దారంతోటి కొలిచి, ఒక దిక్కు గోడ పొట్టిగైందని పట్టుకున్నడు. ఇంకొక పిల్ల ఎవ్వరు అడగకముందే పనికి తగ్గ పాట కట్టింది. మీ రూప మాత్రం ఏ పని పట్టలే. ఈ పిల్లకు ఏదీ రాదు అని నా మనసుల నేను కూడ అనుకున్న. గట్ల అనుకున్నందుకు ఇప్పటికీ ప్రార్థనల క్షమాపణ అడుగుత."

"మరి?"

"కొత్తగ ఒక పాప వచ్చింది. మూలకు కూసొని ఒకటే ఏడుపు. టీచర్లం నలుగురం బతిమాలినం, బిస్కెట్ ఇచ్చినం, లేవలే. రూప పోయి దాని పక్కన కూసుంది. ఏం మాట్లాడలే. తన చెప్పులు ఇడిసి గోడ దిక్కు నూకింది. జర సేపటికి ఇద్దరు ఉత్త కాళ్ళతోటి లేచి వచ్చిన్రు. ఆ పాప చెప్పు తెగిందన్నా. అందరు చూస్తరని సిగ్గుపడి ఏడుస్తుంది. మా నలుగురికీ అది కనబడలే."

డానియేలు ముఖం చిట్లించాడు. "దాన్ని మంచితనం అంటరు టీచరమ్మా. తెలివి అంటరా?"

"మంచితనం మాకు లేకనా? బతిమాలినం కద. చూసుడు చాతకాలే. మనిషి ముఖం చూసి లోపల ఏముందో తెలుసుకునుడు తెలివి కాకుంటె ఇంకేంది? అన్నా, మీరు సంఘపెద్ద, వాక్యం నాకంటె మీకే ఎక్కువ తెలుసు. అరణ్యంల గుడారం కట్టేటప్పుడు దేవుడు ఎవర్ని తన ఆత్మతోటి నింపిండు? నేసేటోళ్ళను, చెక్కేటోళ్ళను, ఇత్తడి పని చేసేటోళ్ళను. ఆ చేతిపని గూడ ఆయన ఇచ్చిన జ్ఞానమే అని మనం చదువుకుంటలేమా? పిల్లలకు తెలివి పెట్టేది మనం కాదు. పెట్టినోడు పెట్టిండు. యాడ పెట్టిండో ఎతుకుడే మన పని."

"చదువు ఒద్దంటవా మరి?"

"ఎందుకంట? రూపకు అక్షరాలు కష్టమైతున్నయ్, దానికి తోడు కూసుందాం. ఎంత టైమైనా కూసుందాం. గని అక్షరాలు తిరగబడుతున్నయని ఆ బిడ్డను దేవుడు ఖాళీ చేతులతోటి పంపిండనుకుంటె, తప్పు దేవుని మీద పెట్టినట్టు కాదా?" మహేశ్వరి గొంతు తగ్గింది. "నేను గూడ ఇంక గట్టిగ చెప్పాల్సి ఉండె. మీరు పెద్దోళ్ళని జంకిన. పిల్ల హాస్టల్‌కు పోతుంటె చూస్కుంట నిలబడ్డ."

 కంచన్‌బాగ్‌లోని లోహాల కర్మాగారంలో అతనిది పరీక్షల విభాగం. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. గట్టిదనం చూడడానికి ఒక యంత్రం, సాగే గుణానికి మరొకటి, వేడికి తట్టుకోవడానికి ఇంకొకటి. ఒక పరీక్షలో నిలవని లోహాన్ని పనికిరాదని పారెయ్యడం అతను ఏనాడూ చెయ్యలేదు. ఇంట్లో మాత్రం అతని దగ్గర ఉన్నది ఒక్కటే పరీక్ష. పెద్దవాడు వెస్లీ అందులో నెగ్గి ఇంజనీరింగ్‌లో చేరాడు. రూప నెగ్గలేదు. అంతకుమించి ఆలోచించే ఓపిక తనకెందుకు లేకపోయింది?

లోపలి గది నుంచి సన్నని మూలుగు వినిపించింది. ఇద్దరూ లేచారు.

విమలాదేవి అత్తగారికి చీర మార్చడానికి, కుడిచెయ్యి పట్టి లేపి కూర్చోబెడుతోంది. మాణిక్యమ్మ కళ్ళు మూసుకుని ఏదో రాగం తీస్తోంది. మాట లేదు, ముక్కుతో తీసే రాగం మాత్రమే. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన రాగమే అది. ఎవరైనా పోయినప్పుడు సమాధుల తోటలో, మట్టి వేసే ముందు పాడే పాట.

"ఇగో, ఇదే పాట టీచర్. నెల దినాల నుంచి పొద్దుమాపు ఇదే." విమలాదేవి కళ్ళు తుడుచుకుంది. "పోవాలనుంది అత్తమ్మకు. పాస్టరు అయ్యగారు గూడ వచ్చి, ప్రభువా, శాంతిగ నీ దగ్గరికి తీస్కో అని రెండుసార్లు ప్రార్థన చేసి పోయిండు."

తడికాళ్ళతో గుమ్మంలోకి వచ్చిన రూప ఒక్క ఉదుటున మంచం దగ్గరికి పరుగెత్తింది.

"మమ్మీ, ఆ చెయ్యి ఇడువు! ఇడువు ముందుగాల!"

విమలాదేవి ఉలిక్కిపడి వదిలింది. రూప నాయినమ్మ వీపు వెనక చెయ్యి వేసి, మెల్లగా దిండుకి ఆనించింది. పడిపోయిన కుడిచేతిని రెండు చేతులతో ఎత్తి, మడత పెట్టిన దుప్పటి మీద పెట్టింది. రాగం ఆగిపోయింది. మాణిక్యమ్మ కళ్ళు తెరిచి మనవరాలి వంక చూసింది. ఎడమచెయ్యి వణుకుతూ లేచి ఆ పిల్ల చెవిని తడిమింది.

"పోవాలని కాదు మమ్మీ. భుజం నొస్తుందని. ఆ చెయ్యి పట్టి లేపితె ప్రాణం పోయినట్టైతది ఆమెకు. అందుకే సమాధి పాట అంటది."

 విమలాదేవి అలాగే కిందికి జారి కూర్చుంది. నెల రోజులుగా రోజుకి నాలుగైదుసార్లు ఆ చెయ్యే పట్టి లేపింది ఆమె. ప్రేమగానే లేపింది. నొప్పి నొప్పి అని ఆ తల్లి తనకు చేతనైన తీరులో చెబుతుంటే, అందరూ చుట్టూ చేరి ఆమె చావు కోసం ప్రార్థన చేశారు.

"నీకెట్ల తెలుసే?" డానియేలు అడిగాడు.

"నాయినమ్మకు మాట రాదు గని రాగం వస్తది డాడీ. మొదట్ల నేను గూడ ఉత్తగనే పాడుతుంది అనుకున్న. తర్వాత చూస్తె, చాయ కావాల్నంటె ఆరాధన మొదలుపెట్టే పాట. తల దువ్వాల్నంటె పెండ్లి పాట. అది అన్నప్పుడు నవ్వుతది కూడ. ఆకలైతె, రొట్టె పంచేటప్పుడు పాడే ప్రభువు బల్ల పాట. ఎండకాలం ఒకసారి నేను గూడ ఆ చెయ్యి పట్టి లేపితె గీ సమాధి పాటే అన్నది." రూప ఆగి, నాయినమ్మ ముఖం దగ్గరికి వంగి, ఏదో రాగం నెమ్మదిగా తీసింది. మాణిక్యమ్మ పెదవులు కదిలాయి. అదే రాగం, వంకరగా, బలహీనంగా, అందుకుంది.

"ఆకలైతుందంట" అంది రూప. "మమ్మీ, జావ ఉందా?"

విమలాదేవి వంటింట్లోకి పరుగెత్తింది. గోరువెచ్చటి రాగిజావ చెంచాతో పడుతుంటే మాణిక్యమ్మ బుద్ధిగా మింగింది. ప్రతి చెంచాకీ ముందు రూప ఆమె కళ్ళలోకి చూసేది. కళ్ళు ఆర్పితే చెంచా అందించేది, ఆర్పకపోతే ఆగేది. మూడు రోజులుగా ఇంటిల్లిపాదీ బతిమాలినా, బెదిరించినా తెరవని నోరది. డానియేలు గుమ్మానికి ఆనుకుని గిన్నె ఖాళీ అయ్యేదాకా చూశాడు.

"మాకెందుకు చెప్పలేదే బిడ్డా?"

రూప తల ఎత్తలేదు. గిన్నె అంచుకి అంటిన జావని చెంచాతో గీకుతూ అంది. "చెప్పిన డాడీ. హాస్టల్‌కు పోయే దినం. నేను పోతె నాయినమ్మ మాట ఎవ్వరికీ తెల్వదు అన్న. చదువు ఎగ్గొట్టనీకి సాకులు చెప్పకు అన్నవ్."

అవును, అన్నాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. ఆటో బయట హారన్ కొడుతుంటే, ఈ పిల్ల మంచం కోడు పట్టుకుని ఏదో గొణిగింది. అతను ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి బయటికి నడిపించాడు. ఆ పిల్ల చేతికి ఎంత బలం వచ్చిందో ఆనాడు! ఆ గొణుగుడు వినడానికి ఒక్క నిమిషం ఆగి ఉంటే ఏం పోయేది?

మహేశ్వరి అతని వైపు చూడలేదు. నేను చెప్పలేదా అన్నట్టు చూసి ఉంటే డానియేలుకి కొంత తేలికయ్యేది. ఆమె విమలాదేవి భుజం మీద చెయ్యి వేసి నిలబడిపోయింది.

కడుపు నిండిన మాణిక్యమ్మ మళ్ళీ రాగం అందుకుంది. ఈసారిది వేరు. గబగబా నడిచి, చివర్లో ఒక్కసారి పైకి లేచి అక్కడే ఆగిపోయే రాగం. రూప చెవి దగ్గరగా పెట్టి వింది. రెండోసారీ వింది. తల అడ్డంగా ఊపింది.

"ఇది నాకు తెల్వదు. చర్చి పాట కాదు ఇది. నేను హాస్టల్‌కు పోకముందు ఎప్పుడు అనలే." తండ్రి వైపు తిరిగింది. "డాడీ, నువ్వు ఇను. నువ్వు చిన్నప్పటి సంది ఆమె తానే ఉన్నవ్ కద."

"నాకేం తెలుస్తది?"

"దగ్గర కూసొని ఇను."

డానియేలు మంచం పక్కన కూర్చున్నాడు. తల్లి మంచాన పడ్డాక అక్కడ అలా కూర్చోవడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి "ఎట్లుంది?" అని అడిగి వెళ్ళిపోయేవాడు. మందులు తెచ్చాడు, డాక్టర్లకి చూపించాడు, లోటు చెయ్యలేదు. ఇలా వంగి ఆమె ఊపిరి ముఖాన తగిలేంత దగ్గరగా మాత్రం రాలేదు.

మాణిక్యమ్మ ఎడమచేత్తో అతని మణికట్టు పట్టుకుంది. మళ్ళీ అదే రాగం. గబగబా నడిచి, పైకి లేచి, ఆగింది.

డానియేలు పోల్చుకున్నాడు. అది అన్న సామ్యూల్ రాగం.

సామ్యూల్ అతనికన్నా ఐదేళ్ళు పెద్ద. పదో తరగతి మూడుసార్లు తప్పాడు. పుస్తకం ముందు కూర్చుంటే అక్షరాలు కనిపించనట్టు ఉండేవాడు కానీ, ఒక్కసారి విన్న పాట ఏదైనా మౌత్ ఆర్గాన్ మీద పలికించేవాడు. ఈ రాగం అతను సొంతంగా కట్టుకున్నది. పొద్దున తల్లి బియ్యం చెరుగుతుంటే ఆ చేట చప్పుడుకి సరిపోయేలా ఊదేవాడు. తండ్రి ఎల్లప్ప రైల్వేలో ఫిట్టరు. మంచి క్రైస్తవుడు, కోపిష్టి. మూడోసారి ఫలితాలు వచ్చిన రోజున మౌత్ ఆర్గాన్‌ని నేలకేసి కొట్టి, "మొద్దుకు ఈ ఇంట్ల అన్నం లేదు" అన్నాడు. సామ్యూల్ ఆ సాయంత్రమే వెళ్ళిపోయాడు. పెళ్ళిళ్ళ బ్యాండులో చేరాడని తర్వాత తెలిసింది.

ఎల్లప్ప చనిపోయిన రోజు ఒక్కసారి వచ్చాడు. ఏదో ఊరేగింపు మధ్యలోంచి కబురు విని వచ్చాడేమో, ఒంటి మీద బ్యాండువాళ్ళ ఎర్రకోటు అలాగే ఉంది. సమాధుల తోట గేటు దగ్గర అతన్ని ఆపింది డానియేలే. అప్పుడు తన కర్మాగారం నుంచి పెద్ద పెద్ద అధికారులు వచ్చి ఉన్నారు. "గీ వేషంతోటి లోపలికి రాకు. మా ఇజ్జత్ తియ్యకు" అన్నాడు. సామ్యూల్ కోటు గుండీలు విప్పబోయాడు. ఒక గుండీ విప్పి, ఏమనుకున్నాడో, మళ్ళీ పెట్టేసుకుని వెళ్ళిపోయాడు. లోపల మాణిక్యమ్మకి ఆ సంగతి తెలియదు. పెద్దకొడుకు తండ్రి సమాధికి కూడా రాలేదని ఆమె ఇన్నేళ్ళూ అనుకుంటూ ఉంది. ఆ అపోహని డానియేలు సరిదిద్దలేదు.

"అమ్మా" అన్నాడు. "అన్న కావాల్నా? సామ్యూల్‌ను అడుగుతున్నవా?"

మాణిక్యమ్మ కళ్ళు ఆర్పింది. మరుక్షణమే ఎడమచెయ్యి ఎత్తి కిటికీ వైపు చూపించింది. ఆ చూపుడు వేలు ఆగకుండా ఊగుతోంది.

రూప కిటికీ వంక చూసింది. గల్లీ, అవతల అజ్మతున్నీసా ఇంటి పచ్చగోడ, అంతే. "కావాల్నని అడుగుతలేదు డాడీ. అడిగేటప్పుడు గిట్ల వేలు చూపియ్యది. ఆయన వచ్చిండని చెప్తుంది."

గోడకి ఆనుకుని కూర్చున్న విమలాదేవి ముఖాన్ని కొంగులో దాచుకుంది.

"విమలా?" డానియేలు లేచాడు. "ఏంది?"

"వచ్చిండు" అంది ఆమె కొంగులోంచే. "రూపను మీరు హాస్టల్‌కు తీస్కపోయిన్రు కద, ఆ పగటాల్లే వచ్చిండు. తల అంత నెరిసింది. అమ్మకు బాగలేదని అజ్మతమ్మ చెప్పిపిచ్చిందంట. ఒక్కసారి చూసి పోతనన్నడు. ఆయన ఎన్నడన్న వస్తె గడప తొక్కనియ్యొద్దని మీరు ఒట్టు పెట్టిచ్చుకున్నరు నాతోని. నాకు భయమైంది. మీరు లేరు, మీరొచ్చినంక రమ్మన్న. ఏం అనలే. కిటికీ కాడ నిలబడి, జేబులకెల్లి నోటి బాజా తీసి జరసేపు ఊదిండు. అత్తమ్మ మంచం మీదికెల్లి లేవనీకి చూసింది. మస్తు కొట్లాడింది లేవనీకి. నేను కిటికీ తలుపు ఏసిన."

ఆమె ఏడుపు గదంతా నిండింది. డానియేలుకి కోపం తెచ్చుకోవడానికి ఎవరూ దొరకలేదు. ఆ కిటికీ తలుపు వేసింది ఆమె చెయ్యే కానీ, వేయించింది తను.

తల్లి ఈ రెండు నెలలూ ఆ సంగతే చెబుతూ ఉంది. నీ అన్న వచ్చాడు, బతికే ఉన్నాడు, పాట ఊదాడు అని. వినగల పిల్లని అదే రోజున ఇంట్లోంచి పంపేశారు.

"యాడుంటడో చెప్పిండా?"

"ఉస్మాన్‌గంజ్ అన్నడు. గోనె సంచులు అమ్మే గల్లీల."

ఇంత దగ్గర! డానియేలు గోడ కొక్కెం నుంచి చొక్కా తీసుకుని గుండీలు పెట్టుకున్నాడు.  మహేశ్వరి చెప్పింది. "మీరు పోండన్నా. అమ్మ కాడ నేనుంట. భుజం సంగతి గూడ డాక్టరుకు ఫోన్ చేస్త."

"నేను గూడ వస్త" అంది రూప.

"అలిసిపోయినవ్ బిడ్డా."

"నాయినమ్మ మాట చెప్పనీకి నేనుండాలె కద."

తండ్రి ఇక వద్దనలేదు.

ఆటో అఫ్జల్‌గంజ్ దాటి ఉస్మాన్‌గంజ్ మలుపులో లారీల మధ్య ఇరుక్కుంటే, దిగి నడిచారు. మిర్చి ఘాటుకి ఇద్దరికీ దగ్గు వచ్చింది. హమాలీలు బస్తాలు మోస్తూ "సైడ్, సైడ్" అని అరుస్తున్నారు. గోనె సంచుల దుకాణం ముందు తారిక్ అనే కుర్రవాడు కట్టలు కడుతున్నాడు. సామ్యూల్ పేరు చెప్పగానే దారం నోట్లో పెట్టుకునే పైకి చూపించాడు.

"బ్యాండ్‌వాలే చచానా? ఊపర్. సీదా పోండి, ఆఖరి తలుపు. నెల సంది బ్యాండ్‌కు పోతలేడు. తబియత్ ఠీక్ నై, పానం బాగలేదు."

చెక్కమెట్లు ఇరుకుగా ఉన్నాయి. డానియేలు ముందు ఎక్కి, చివరి తలుపు ముందు నిలబడ్డాడు. కొట్టడానికి చెయ్యి ఎత్తి దించాడు. ఏమని పిలవాలి? అన్నా అని నోరారా పిలిచి ఎన్నేళ్ళైంది?

రూప తండ్రి ముఖం వంక చూసింది. తనే తలుపు మీద రెండుసార్లు కొట్టింది.

తలుపు తెరుచుకుంది. సామ్యూల్ సన్నగా, నెరిసిన గడ్డంతో, తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాడు. తమ్ముణ్ణి చూశాడు. గుర్తుపట్టాడు. ముఖంలో కోపం లేదు, సంతోషం లేదు. ఏమీ లేని ఆ ముఖం చూసి డానియేలు సిద్ధం చేసుకున్న మాటలన్నీ మింగేశాడు.

"అన్నా..."

సామ్యూల్ తలుపు మూయబోయాడు.

అప్పుడు రూప పాడింది. మాట లేకుండా, ముక్కుతో, గబగబా నడిచి పైకి లేచే ఆ రాగం. నాయినమ్మ తీసిన వంకరలతో సహా, ఆమె ఊపిరి ఎక్కడ తెగిందో అక్కడే తెగేలా తీసింది.

సామ్యూల్ చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది. చాలాసేపు ఆ పిల్లనే చూశాడు. కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు.

"అమ్మ గిట్ల అంటుందా?"

"రోజు అంటుంది పెద్దనాయినా. నువ్వొచ్చినవని అందరికి చెప్తనే ఉంది. మాకే సమజ్ కాలే."

సామ్యూల్ పక్కకి జరిగాడు. "నువ్వు లోపలికి రా బిడ్డా." డానియేలు కూడా అడుగు వేయబోయాడు. సామ్యూల్ అతని వైపు చూడకుండానే అన్నాడు. "నువ్వు ఒక్కదానివే."

రూప తండ్రి వైపు తిరిగింది. డానియేలు వెళ్ళమన్నట్టు తలూపాడు. తలుపు మూసుకుంది. గడియ పెట్టిన చప్పుడు వినిపించింది.

అతను పై మెట్టు మీద కూర్చున్నాడు. కింద హమాలీల కేకలు, లారీల హారన్లు. తలుపు పలచనిది, లోపలి మాటలు బయటికి వస్తున్నాయి. రూప మాట్లాడుతోంది. నాయినమ్మ భుజం గురించి, జావ గురించి, చాయ కోసం తీసే రాగం గురించి ఆగకుండా చెబుతోంది. తన కూతురు ఇన్ని మాటలు ఆడగలదని డానియేలుకి తెలియదు. మధ్యలో సామ్యూల్ దగ్గు, ఒకచోట చిన్న నవ్వు.

తర్వాత సామ్యూల్ అడిగాడు.

"మరి నేను వచ్చిన దినం నువ్వు ఇంట్ల లేవు. యాడికి పోయినవ్ బిడ్డా?"

"హాస్టల్ల ఉంటున్న పెద్దనాయినా."

"నాయినమ్మను ఇడిసిపెట్టి హాస్టల్ల ఎందుకున్నవ్? ఎవరేమన్నరు నిన్ను?"

 మెట్టు మీద డానియేలు లేచి నిలబడ్డాడు. తలుపుకి చెవి ఆనించి, తన కూతురు ఏం చెబుతుందో అని విన్నాడు.